ఇన్‌స్టాలో అమ్మే సార్మ్స్ కొనకండి, లివర్ పోతుంది

జిమ్‌కెళ్లే తమ్ముళ్లూ, దయచేసి ఇది చదవండి. మా పిన్ని కొడుకు ఇన్‌స్టాలో ఒక ట్రైనర్ రీల్ చూసి ఆర్‌ఏడీ-140 అనే సార్మ్ సీసా తెప్పించుకున్నాడు. సార్మ్స్ అంటే ఒంట్లో టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) లాగా పనిచేసి కండ పెంచేలా తయారుచేసిన రసాయనాలు. 'స్టెరాయిడ్ కాదు బ్రో, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు' అన్నాడట ఆ అమ్మినాయన. డబ్బు ముందే యూపీఐలో వేయించుకున్నాడు, బిల్లు ఇవ్వలేదు.

కండ వచ్చిన మాట నిజమే. ఆ వెనకే ఒళ్లంతా దురద మొదలైంది, రాత్రిళ్లు గోక్కోవడంతోనే తెల్లారేది. మూత్రం ముదురు రంగులోకి తిరిగింది, కళ్లు పచ్చబడ్డాయి. ఇంట్లోవాళ్లు మామూలు పచ్చకామెర్లే అనుకుని పసరు పోయించబోయారు. ఆస్పత్రిలో చూస్తే రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో ఒంటిని పచ్చగా చేసే పదార్థం) బాగా పెరిగి ఉంది, హెపటైటిస్ పరీక్షలన్నీ నెగెటివ్. 'జిమ్‌లో ఏమైనా వాడుతున్నావా బాబూ' అని డాక్టరు గారు మళ్లీ మళ్లీ అడిగితే గానీ వాడు సీసా సంగతి బయటపెట్టలేదు.

ఆ సీసా నేను చూశాను. ముందు కండల బొమ్మ. వెనక, ఫోన్‌లో జూమ్ చేస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో 'పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు' అని ఉంది. కంపెనీ అడ్రసు లేదు, లైసెన్స్ నంబరు లేదు.

ఆర్‌ఏడీ-140, ఆస్టరీన్, లిగాండ్రాల్... ఇవన్నీ సార్మ్స్. జబ్బుతో కండ కరిగిపోయే రోగుల కోసం వీటి మీద పరిశోధనలు జరిగాయి గానీ, అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వీటిలో ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదు. లివర్ దెబ్బతింటుందని, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుందని 2017లోనే హెచ్చరించింది. సోషల్ మీడియాలో కుర్రాళ్లకు వీటిని అంటగడుతున్నారని 2023లో మళ్లీ చెప్పింది. ఒంట్లో సహజంగా తయారయ్యే టెస్టోస్టిరాన్ తగ్గిపోతుంది, పిల్లలు పుట్టే అవకాశం కూడా దెబ్బతినొచ్చు. పెళ్లి కావాల్సిన పిల్లలు వాడుతున్నారు కాబట్టి ఈ మాట దాచకుండా చెబుతున్నాను.

పైగా సీసాలో ఏముందో ఎవరికీ తెలియదు. సార్మ్స్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 44 ఉత్పత్తులను పరిశోధకులు ల్యాబ్‌లో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగంలోనే సార్మ్స్ ఉన్నాయి. నాలుగో వంతు వాటిలో లేబుల్ మీద పేరే లేని పదార్థాలు దొరికాయి. వీటితో కలిపి అమ్మే కార్డరీన్ అసలు సార్మే కాదు. ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలు రావడంతో దాని తయారీ ప్రయత్నాన్నే వదిలేశారు.

మా వాడి రిపోర్టులు పంపితే, 'లివర్ సపోర్ట్ టాబ్లెట్లు కూడా నా దగ్గరున్నాయి' అన్నాడు ఆ అమ్మినాయన. డబ్బు వెనక్కి ఇమ్మంటే బ్లాక్ చేశాడు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు వెంటనే ఆపేసి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోండి. సీసా పారేయొద్దు, డాక్టరుకు చూపించండి. కోర్సు అయ్యాక వేసుకోమని అదే మనిషి ఇచ్చే మాత్రలు ముట్టుకోవద్దు. బిల్లు లేకపోయినా స్క్రీన్‌షాట్లు, పేమెంట్ వివరాలు పట్టుకుని డ్రగ్ కంట్రోల్ వాళ్లకు ఫిర్యాదు చేయండి. మేమూ చేశాం.