హార్మోన్ చికిత్స: మాత్రా, ప్యాచా?

నెలసరి ఆగిపోయాక ఒళ్లంతా ఆవిర్లు, రాత్రుళ్లు చెమటలు, నిద్రలేమి. వీటికి డాక్టర్ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ రాస్తే, దాన్ని మింగే మాత్రగా తీసుకోవాలా, చర్మానికి అంటించే మందు పట్టీగా (ప్యాచ్) తీసుకోవాలా అన్నది తర్వాతి ప్రశ్న.

మాత్ర సులువు. రోజూ ఒకే వేళకు వేసుకుంటే సరి. కానీ మింగిన మందు పేగుల నుంచి ముందు లివర్‌కే వెళ్తుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు పెరుగుతాయి. అందుకే కాళ్ల సిరల్లో గడ్డలు కట్టే రిస్క్ కొంత ఎక్కువ. రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు కూడా పెరగొచ్చు.

ప్యాచ్‌లోని మందు చర్మం గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. మామూలు డోసులో గడ్డల రిస్క్ పెరిగినట్టు కనిపించలేదు. బరువు ఎక్కువున్నవాళ్లకు, మైగ్రేన్ ఉన్నవాళ్లకు నేనైతే దీన్నే ముందు అడగమంటాను. నడుము కింద, పొడి చర్మం మీద అంటించాలి, రొమ్ముల మీద వద్దు. రకాన్ని బట్టి వారానికి ఒకటి రెండుసార్లు మార్చాలి, ప్రతిసారీ చోటు మార్చి. చెమటకు ఊడటం, దురద పెట్టడం దీనితో వచ్చే చికాకులు.

ఏది ఎంచుకున్నా, గర్భసంచి ఉంటే ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోన్ కూడా తప్పనిసరి. లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయొచ్చు. సహజ ప్రొజెస్టరాన్ మత్తుగా ఉంటుంది, రాత్రి వేసుకుంటే అదే లాభం!

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు సాధారణంగా మాత్ర, ప్యాచ్ రెండూ ఇవ్వరు. 60 ఏళ్లలోపు, లేదా నెలసరి ఆగిన 10 ఏళ్లలోపు మొదలుపెడితే లాభం ఎక్కువ.