హెర్క్యులిస్ టవరా, కొర్డువానా?

దీపస్తంభాల చరిత్ర తెలుసుకోవాలనే యాత్రికుడికి ఒక్కటే చూసే వీలుంటే నా ఓటు ఫ్రాన్స్‌లోని కొర్డువాన్‌కే. స్పెయిన్‌లోని హెర్క్యులిస్ టవర్ రోమన్ల నాటిదై నేటికీ వెలుగుతోంది, నగరం అంచునే ఉంది గనుక చేరుకోవడమూ తేలిక. అయితే బయట కనిపించే రాతి తొడుగు 18వ శతాబ్దపు మరమ్మతుల్లో వచ్చిందే, అసలు రోమన్ కట్టడాన్ని లోపలి గోడల్లో వెతుక్కోవాలి. 1611లో పూర్తయిన కొర్డువాన్ సముద్రం మధ్య ఉండడంతో, పడవ ఎప్పుడు బయలుదేరాలో ఆటుపోట్లే నిర్ణయిస్తాయి. కానీ 301 మెట్ల దారిలో రాజుగారి గది (ఏ రాజూ అందులో బస చేయలేదు లెండి), ప్రార్థనా మందిరం దాటి పైకి వెళితే, 1823లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెనెల్ తన కటకాన్ని తొలిసారి అమర్చిన శిఖరానికి చేరువవుతాం. వలయాలుగా పేర్చిన గాజు పలకలు చెదిరిపోయే కాంతిని ఒక్క పుంజంగా మలిచి దూరపు ఓడలకు అందించడం మొదలైంది ఇక్కడే.