అనుమతించాలా, ఆపాలా? నాలుగేళ్లు ఫైర్‌వాల్ వాడాక

కంప్యూటర్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా ఉండే ఫైర్‌వాల్ మీద నాకున్న కోపమంతా ఒక్క పాపప్ మీదే. స్క్రీన్ కింద కుడి మూలన ఎర్రగా లేచి, "ఫలానా ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌కి వెళ్తానంటోంది. అనుమతించాలా, ఆపాలా?" అని అడుగుతుందే, అది. డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేరే. పేరు చెప్పను, ఈపాటికి కొత్త వెర్షన్‌లో మార్చి ఉండొచ్చు.

మాది మల్కాజ్‌గిరి. ఇంట్లోనే ఉండి నాలుగైదు దుకాణాల లెక్కలు చూస్తాను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల దుకాణాలుండే సీటీసీలో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఒకటుంది. పగలు అది నా ఆఫీసు, సాయంత్రం మా మామయ్యగారి ప్రవచనాల టీవీ.

విండోస్‌కి సొంత ఫైర్‌వాల్ ఉండగా ఇంకొకటి ఎందుకని మా ఆయన అప్పుడే అడిగారు. 2004లో ఎక్స్‌పీకి వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 నుంచీ అది దానంతటదే ఆన్‌లో ఉంటోంది, నిజమే. కానీ అది చూసేది ముఖ్యంగా లోపలికి వచ్చేవాటిని. లోపలి నుంచి బయటికి వెళ్లేవాటిని మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప ఆపదు. నా దగ్గర ఊళ్లోవాళ్ల లెక్కలున్నాయి, వెళ్లేవాటి మీదా ఒక కన్ను ఉండాలనుకున్నాను.

మొదటి వారంలోనే పెట్టిన డబ్బులకు న్యాయం జరిగిందనిపించింది. బిల్లుల పీడీఎఫ్‌లు కలపడానికి ఎక్కడో దించుకున్న ఉచిత ప్రోగ్రామ్, నేను తెరవకపోయినా కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ బయటికి పోబోతోందని పట్టిచ్చింది. దొంగ దొరికాడని ఇంట్లో అందరికీ చెప్పాను, మా చెల్లెలి చేత కూడా కొనిపించాను.

ఇక మూడో ఏడాది సంగతి. ఆ రోజు 20వ తారీఖు, ఒక దుకాణం నెలవారీ జీఎస్టీ రిటర్న్‌కి (జీఎస్టీఆర్-3బీ) ఆఖరు. సాయంత్రం ఆరింటికి టీ తాగి వచ్చి కూర్చుంటే ఒక్క సైటూ తెరుచుకోదు. వైఫై గుర్తు నిక్షేపంగా ఉంది, ఫోన్‌లో నెట్ వస్తోంది. రూటర్ ఆపి మళ్లీ వేశాను. నెట్ అబ్బాయిని పిలిస్తే వచ్చి వైరు మార్చి, తన ఫోన్‌లో స్పీడ్ చూపించి, "మా వైపు అంతా ఓకే మేడమ్" అని వెళ్లిపోయాడు. ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపినా అదే తంతు. రోగం కంప్యూటర్‌లోనే ఉందని అప్పుడు అర్థమైంది. ఫైర్‌వాల్ మీద అనుమానం వచ్చి ఆ మూలనున్న గుర్తు మీద నొక్కి మూసేశాను. మూతపడింది కిటికీ ఒక్కటే, వెనకాల సర్వీసు నడుస్తూనే ఉందని తర్వాత తెలిసింది.

రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు. డబ్బు పెద్దది కాదు, దుకాణం ఆయన ముందు నా మాట పోతుంది. పక్క ఫ్లాట్‌లో ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని, దుకాణం ఆయన ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్తుంటే కొట్టుకుని, పదకొండు నలభైకి ఫైల్ చేశాను.

మర్నాడు తీరిగ్గా చూశాను. గూగుల్ వాళ్ల 8.8.8.8 నంబరుకి పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని పలకరిస్తే, జవాబు వస్తోంది, సైటు పేరు కొడితే రాదు. అంటే దారి ఉంది, పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ పనే ఆగిపోయింది. విండోస్‌లో ఆ పని చేసే సర్వీసు ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రోగ్రామ్ లోపల నడుస్తుంది. రూల్స్ జాబితా తెరిస్తే ఎస్‌వీసీహోస్ట్ పక్కన ఎర్రగుర్తు, ముందు రోజు సాయంత్రం 5:12. విండోస్ అప్‌డేట్‌తో ఆ ఫైలు మారింది కాబట్టి ఫైర్‌వాల్ దాన్ని కొత్తవాడనుకుని మళ్లీ అడిగింది. ఆ సమయంలో కుర్చీలో ఉన్నది మామయ్యగారు.

"ఎవడో హోస్ట్ అటమ్మా, పేరు కూడా సరిగా లేదు. వెంటనే ఆపేశాను" అన్నారు.

ఆయన్ని ఏమనగలను? ఫోన్ చేసినప్పుడల్లా సైబర్ మోసాల కాలర్ ట్యూన్ విని, ఫిర్యాదు చేసే 1930 నంబరు బట్టీ పట్టిన మనిషి. తెలియనిదాన్ని ఆపమనే కదా అందరూ చెప్పేది. తెలియనివాళ్లను అలాంటి ప్రశ్న అడిగిన సాఫ్ట్‌వేర్‌దే తప్పు. కనీసం "ఇది విండోస్‌దే" అని ఒక ముక్క రాసి ఉండాల్సింది. రూల్స్‌కి పాస్‌వర్డ్ పెట్టే వీలుందని సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున కనిపించింది, అప్పటికి రెండున్నరేళ్లు గడిచాయి.

ఆ పీడీఎఫ్ దొంగ కూడా బహుశా కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసుకోవడానికి వెళ్తున్నాడేమో. వెళ్తున్నాడనే చెప్పింది గానీ ఏం పట్టుకెళ్తున్నాడో పాపప్ ఏనాడూ చెప్పలేదు. బ్రౌజర్‌కి ఎలాగూ అనుమతి ఇచ్చేస్తాం, దాని లోంచి పోయేదాన్ని పట్టేది కాదు. మామయ్యగారు భయపడే ఓటీపీ మోసాలకైతే ఏ ఫైర్‌వాలూ అడ్డు రాదు.

ఈ ఏడాది రెన్యూ చేయలేదు. డెస్క్‌టాప్‌లో విండోస్‌దే ఉంచాను. బయటి ఫైర్‌వాల్ తీసేశాక విండోస్‌ది మళ్లీ ఆన్ అయిందో లేదో ఒకసారి చూసుకోండి. రూటర్ ఉంది కదా అని వదిలేయకండి, ఇంట్లో ఒక మెషిన్ నుంచి పక్క మెషిన్‌కి పాకేదాన్ని మామూలు రూటర్ ఆపదు. 2017 మేలో వానాక్రై అనే వైరస్, విండోస్ మెషిన్లు ఫైళ్లు పంచుకునే 445 పోర్టు (దారి) పట్టుకుని పాకింది అలాగే. నేనొక్కదాన్నే వాడే ల్యాప్‌టాప్‌లో మాత్రం టైనీవాల్ అనే ఫైర్‌వాల్ వేసుకున్నాను. ఉచితం, పాపప్‌లు లేవు, వెళ్లనివ్వాల్సినవాటిని మనమే జాబితాలో చేర్చాలి. చేర్చనిది చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఆ ఓపిక నాకుంది, మా చెల్లెలికి లేదు. తనకి ఆ పాపప్‌లే బాగున్నాయట, ఒక్కతే వాడుకుంటుంది మరి.

మొన్న మామయ్యగారు అడిగారు: "ఆ ఎర్రది ఈ మధ్య రావట్లేదేంటమ్మా, పాడైందా?"