ఉల్వర్ ‘బెర్గ్‌టాట్’: సెకండ్‌హ్యాండ్ సీడీని మళ్లీ విన్నాక

నార్వే బృందం ఉల్వర్ 1995లో విడుదల చేసిన తొలి ఆల్బమ్ ‘బెర్గ్‌టాట్’ నాకు చాలాకాలం క్రితం సెకండ్‌హ్యాండ్‌లో కారుచౌకగా దొరికింది. ఇటీవల ఆ సీడీని బయటికి తీసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మధ్యలో ఆపకుండా మళ్లీ విన్నాను. అట్మాస్ఫియరిక్ బ్లాక్ మెటల్ (కర్కశమైన అరుపులు, జోరైన గిటార్లతో సాగే బ్లాక్ మెటల్‌లో వాతావరణ సృష్టికి ప్రాధాన్యమిచ్చే శాఖ) పేరుతో తర్వాత వచ్చిన రికార్డుల్లో చాలావరకు ఒకే రిఫ్‌ను, అంటే గిటార్ మీద వాయించే చిన్న స్వరవరుసను, నిమిషాల తరబడి తిప్పి తిప్పి వాయిస్తూ గంటకు పైగా సాగుతాయి. ఇది మాత్రం ఐదు అధ్యాయాల కథను సుమారు 34 నిమిషాల్లో ముగిస్తుంది. అయినా ఎక్కడా తొందరపడినట్లు అనిపించదు.

అడవిలో దారితప్పిన ఒక అమ్మాయిని కొండ లోపల ఉండే శక్తులు పిలిచి తమ వశం చేసుకోవడమే ఇందులోని కథ. సాహిత్యం పాతకాలపు నార్వేజియన్‌లో ఉన్నా కథ అందకుండా పోదు, ఎందుకంటే దాన్ని నడిపించేది ముఖ్యంగా గొంతుల్లోని మార్పే. మొదటి అధ్యాయంలో బృందం గాయకుడు గార్మ్ అరవడు. పొరలు పొరలుగా పేర్చిన స్వచ్ఛమైన గాత్రాలు ప్రార్థనా గీతంలా సాగుతుంటే, వాటి కింద గిటార్లు, డ్రమ్స్ ఎడతెగకుండా మోగుతాయి. అసలైన అరుపు రెండో అధ్యాయంలో వస్తుంది. అప్పటిదాకా ప్రశాంతంగా విన్న చెవికి అది నిజంగానే ప్రమాద సూచనగా తోస్తుంది.

ఈసారి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసింది మూడో అధ్యాయం. జోరుగా సాగుతున్న గిటార్లు హఠాత్తుగా ఆగిపోయి, పియానో స్వరాల మధ్య ఎవరో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు మాత్రమే మిగులుతుంది. సాధారణంగా ఇలాంటి శబ్దాలను పాటకు ముందో వెనకో అలంకారంగా అతికిస్తారు. ఇక్కడ వాటిని తీసేస్తే కథే తెగిపోతుంది. దాని తర్వాత వచ్చే నాలుగో అధ్యాయం అకూస్టిక్ గిటార్ మీద దాదాపు గుసగుసలా పాడిన చిన్న పాట. అంత భయం తర్వాత అంత మృదువైన పిలుపు వినిపిస్తే ఎవరైనా లొంగిపోతారనిపిస్తుంది, అదే దాని బలం.

లోపాలు లేవని కాదు. వేగం పెరిగినచోట గిటార్ల శబ్దం పలుచబడుతుంది, రెండో అధ్యాయంలో కొన్ని మలుపులు అతుకుల్లా కనిపిస్తాయి. అయితే బేస్ గిటార్ స్పష్టంగా వినిపించడం ఆ లోటును కొంత పూడుస్తుంది; ఆ కాలపు బ్లాక్ మెటల్‌లో అది అంత సులభంగా దొరికే సుఖం కాదు.

పాత సీడీ కొనేవారికి ఒక మాట. ప్లేయర్ డిస్క్‌ను మధ్య నుంచి అంచు వైపుకు చదువుతుంది కాబట్టి, ఇంత తక్కువ నిడివి ఉన్న ఆల్బమ్‌లో బయటి అంచు దగ్గరి భాగం ఖాళీగానే ఉంటుంది. వెలుతురులో వంచి చూస్తే రికార్డింగ్ ఎక్కడ ముగిసిందో రంగు తేడాను బట్టి తెలుస్తుంది. నా సీడీ మీద గీతలన్నీ ఆ ఖాళీ భాగంలోనే ఉన్నందువల్ల ఒక్క స్వరం కూడా జారలేదు.

1996లో వచ్చిన వీరి రెండో ఆల్బమ్ పూర్తిగా అకూస్టిక్, 1997లో వచ్చిన మూడోది పూర్తిగా కర్కశం. ఆ రెండూ నాకు ఇష్టమే గానీ, మెత్తదనమూ మొరటుదనమూ ఒకే కథలో ఒకదాన్నొకటి తరుముకుంటూ వినిపించేది ఈ తొలి ఆల్బమ్‌లోనే కనుక, ఉల్వర్‌ను కొత్తగా వినేవారు దీనితోనే మొదలుపెట్టాలని కోరుతాను.