తొమ్మిదేళ్లుగా సుమాట్రిప్టాన్ వాడుతున్నాను, నా అనుభవం ఇదీ

ముందే చెప్పేస్తాను, మైగ్రేన్ తలనొప్పికి వేసుకునే ఈ మాత్ర నాకు బాగా పనిచేస్తుంది. అంత బాగా పనిచేస్తుంది కాబట్టే ఒకసారి నా కొంప ముంచింది కూడా.

నాకు మైగ్రేన్ 22 ఏళ్లప్పుడు మొదలైంది. ఎడమ కణత దగ్గర చిన్నగా కొట్టుకోవడం మొదలై, గంటలోపు కంటి వెనక్కి పాకి, ఆ తర్వాత కిటికీ వెలుతురు చూసినా వాంతి వచ్చేది, పక్కగదిలో ఎవరైనా కుర్చీ జరిపినా తలలో మోగేది. ఏడేళ్లు పారాసిటమాల్ మింగి చీకట్లో పడుకోవడమే వైద్యం అనుకున్నాను. ఇంట్లో వాళ్లు "టెన్షన్ తగ్గించుకో, అదే పోతుంది" అనేవాళ్లు. పోలేదు. చివరికి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ బీపీ చూసి, గుండె జబ్బు ఉందా, ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా, కడుపుతో ఉన్నావా, ఇంకేం మందులు వాడుతున్నావు అని వరసగా అడుగుతూనే ఉన్నారు. తలనొప్పికి ఇన్ని ప్రశ్నలేంటా అని లోపల విసుక్కున్నాను.

ఎందుకో తర్వాత అర్థమైంది. ఆవిడ రాసిన సుమాట్రిప్టాన్ ట్రిప్టాన్లు అనే జాతి మందు. ట్రిప్టాన్లు మామూలు నొప్పి మాత్రలు కావు, నడుం నొప్పికో పంటి నొప్పికో వేసుకుంటే పనికిరావు. ఇవి సెరటోనిన్ అనే మన ఒంట్లోని రసాయనం పనిచేసే చోట పనిచేసి, తలలోని రక్తనాళాలను బిగిస్తాయి, నొప్పిని పెంచే రసాయనాలు నరాల నుంచి విడుదల కాకుండా ఆపుతాయి. చిక్కేమిటంటే ఆ బిగింపు తలతోనే ఆగదు, గుండె రక్తనాళాల మీద కూడా కొంత పడుతుంది. అందుకే గుండె జబ్బు ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు వీటి జోలికి పోకూడదు. మైగ్రేన్‌తో పాటు ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయే రకం ఉన్నవాళ్లకూ వద్దంటారు.

మొదటి మాత్ర 50 ఎంజీ. వేసుకున్న అరగంటకి మెడ, దవడ బిగుసుకుపోయినట్టు, ఛాతీ మీద బరువు పెట్టినట్టు అనిపించింది. ఇక నా పని అయిపోయింది అనుకున్నాను. హడావిడిగా వెళ్తే ఈసీజీ తీశారు, బాగానే ఉంది, ఈలోపు బిగుతు పోయింది, విచిత్రంగా తలనొప్పి కూడా పోయింది! ట్రిప్టాన్లతో ఇలాంటి బిగుతు చాలామందికి వస్తుందట, ఎక్కువసార్లు గుండెకు సంబంధం ఉండదట. కానీ అది ఏదో తేల్చాల్సింది మనం కాదు. మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరుకు చెప్పాలి, నొప్పి గట్టిగా ఉన్నా, చేతిలోకి పాకినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఎమర్జెన్సీకే. నాకు ఇప్పటికీ మెడ బిగుస్తుంది, అలవాటైపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ మందు వాడేవాళ్లకి రెండు మాటలు చెప్తారు. ఒకటి, నొప్పి చిన్నగా ఉన్నప్పుడే వేసుకో, ముదిరాక వేసుకుంటే సరిగ్గా పనిచేయదు. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు కూడా మందగిస్తుంది, మింగినది త్వరగా కిందికి దిగదు, పైగా వాంతి అయిందంటే మాత్ర పోయినట్టే. రెండో మాట, నెలలో ఎక్కువ రోజులు వేసుకోకు. విడివిడిగా వింటే రెండూ బాగానే ఉంటాయి, రోజువారీ బతుకులో మాత్రం ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. పొద్దున్నే కణత దగ్గర ఏదో లాగినట్టు ఉంది, ఇది మైగ్రేనా, నిద్ర చాలకా? ఆగితే ముదురుతుంది, ఆగకపోతే లెక్క పెరుగుతుంది. నేను ప్రతిసారీ మొదటి మాటే విన్నాను. మధ్యాహ్నం మీటింగ్ ఉంది, ఎందుకైనా మంచిదని ఒకటి. రేపు ప్రయాణం ఉంది, ఇంకోటి.

మూడో ఏడాదికి వచ్చేసరికి నిద్ర లేవడమే తలనొప్పితో లేచేదాన్ని. మాత్ర వేస్తే సాయంత్రం దాకా బాగుండేది, మర్నాడు మళ్లీ మొదలు. జబ్బు ముదిరిపోయిందని, ఇంకా పెద్ద మందు రాయమని అడగడానికి వెళ్లాను. "నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నావు?" అని అడిగారు డాక్టరు. ఏడెనిమిది అన్నాను, అబద్ధం చెప్పాలని కాదు, నిజంగా అంతే అనుకున్నాను. ఇంటికొచ్చి సొరుగులో ఖాళీ స్ట్రిప్పులు తీసి, ఆ నెల ఏ రోజు ఏం వేసుకున్నానో గుర్తు తెచ్చుకుని రాస్తే 14 రోజులు వచ్చింది. మధ్యలో ఉత్త పారాసిటమాల్‌తో సరిపెట్టుకున్న రోజులు కూడా కలిపితే 19.

ట్రిప్టాన్లు నెలకు 10 రోజులు లేదా అంతకంటే ఎక్కువ, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలైతే 15 రోజులు లేదా ఎక్కువ, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మందే తలనొప్పి తెప్పించడం మొదలుపెడుతుంది. లెక్క రోజులది, మాత్రలది కాదు. ఒకే రోజు రెండు వేసుకున్నా ఒక రోజే, నాలుగు రోజులు రోజుకు సగం చొప్పున వేసుకుంటే నాలుగు రోజులు. నేను సగాలు విరిచి వేసుకుంటూ పొదుపు చేస్తున్నానని మురిసిపోయేదాన్ని, ఏం చెప్పమంటారు!

ఆపేయమన్నారు. ట్రిప్టాన్లు ఒక్కసారిగా ఆపొచ్చట, నల్లమందు జాతి నొప్పి మందులు రోజూ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టరు చూస్తూ మెల్లగా తగ్గించాలి. మొదటి వారం నరకం. నాలుగో రోజు రాత్రి స్ట్రిప్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను, మా ఆయన దాన్ని తీసుకుని ఎక్కడో దాచారు, ఆ రోజు ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. రెండో వారం నుంచి తేలికపడింది. రెండు నెలల తర్వాత, మూడేళ్లలో మొదటిసారి, వరసగా తొమ్మిది రోజులు తలనొప్పి లేదు.

అదే సమయంలో రోజూ వేసుకోవడానికి ప్రొప్రనొలాల్ అనే, బీపీకి కూడా వాడే మందు మొదలుపెట్టారు. ఇది వచ్చిన నొప్పిని తగ్గించదు, రావడాన్ని తగ్గిస్తుంది, ఫలితం ఏమిటో తెలియాలంటే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకి పనికిరాదు. నాకు మెట్లెక్కితే కాళ్లు లాగడం, చేతులు చల్లబడటం ఉండేవి. బాగుంది కదా అని హఠాత్తుగా మానేయకూడదు, గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే మరీ ప్రమాదం. మా చెల్లికీ మైగ్రేనే, తనకి నొప్పి రాకుండా రోజూ వేసుకునే టొపిరమేట్ ఇచ్చారు, వేళ్లు తిమ్మిర్లు, మాటల మధ్యలో పదం గుర్తుకురాకపోవడం. అది కడుపులో బిడ్డకు హాని చేసే మందు, పిల్లల కోసం అనుకునేవాళ్లు ముందే చెప్పాలి. చెల్లికి నొప్పికి ముందు కళ్ల ముందు వంకర గీతలు మెరుస్తాయి, ఆరా అంటారు. ఆ రకం మైగ్రేన్ ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు పక్షవాతం ముప్పు పెంచుతాయి. తను రెండేళ్లు అవే వాడింది, ఆ మాత్రలు ఇచ్చిన చోట మైగ్రేన్ సంగతి అడిగినవాళ్లూ లేరు, ఇది చెప్పాల్సిన విషయమని తనకూ తెలియదు. ఆరా ఉన్నవాళ్లు ట్రిప్టాన్‌ను ఆ మెరుపులప్పుడు కాకుండా నొప్పి మొదలయ్యాక వేసుకోవాలి.

ఒకసారి నా డాక్టరు ఊళ్లో లేనప్పుడు వేరే డాక్టరుకు చూపించుకుంటే, నోట్లో కరిగే రిజాట్రిప్టాన్ అనే ఇంకో ట్రిప్టాన్ 10 ఎంజీ రాశారు. నేను ప్రొప్రనొలాల్ వాడుతున్నానని చెప్పలేదు, ఆయనా అడగలేదు. పట్టుకున్నది మందులిచ్చే ఫార్మసిస్ట్. ప్రొప్రనొలాల్ వల్ల రక్తంలో రిజాట్రిప్టాన్ మోతాదు పెరుగుతుంది, అందుకని 5 ఎంజీయే వాడాలని, ముందు ఆయనకి ఫోన్ చేయమని చెప్పాడు. అప్పటి నుంచి నా మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకుంటున్నాను. ఇంకోటి, నోట్లో కరిగేది కదా త్వరగా పనిచేస్తుంది అనుకుంటారు. కాదు, లాలాజలంతో కలిసి కడుపులోకి వెళ్లాకే పనిచేస్తుంది. నీళ్లు అక్కర్లేదు, అంతే లాభం.

మోతాదు గురించి నేను పాటించేది: వేసుకున్నాక తగ్గి మళ్లీ వస్తేనే రెండోది, అదీ కనీసం రెండు గంటల తర్వాత, 24 గంటల్లో 200 ఎంజీ దాటకుండా. మొదటిది అసలు పనిచేయకపోతే అదే నొప్పికి రెండోది వేసుకోను. 24 గంటల్లోపు ఇంకో రకం ట్రిప్టాన్ గానీ, ఎర్గోటమిన్ అనే పాత మైగ్రేన్ మందు గానీ కలపకూడదు. కొన్ని మాత్రల్లో సుమాట్రిప్టాన్‌తో పాటు ఐబుప్రొఫెన్ జాతిదే అయిన నాప్రొక్సెన్ కూడా ఉంటుంది, అది తెలియక పైన ఐబుప్రొఫెన్ వేస్తే కడుపు చెడుతుంది. డిప్రెషన్‌కు మందులు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు, వాటిలో చాలావరకు సెరటోనిన్ మీదే పనిచేస్తాయి. రెండూ కలిపి వాడేవాళ్లు చాలామందే ఉన్నారు, కాకపోతే వణుకు, జ్వరం, గుండె దడ, అయోమయం లాంటివి వస్తే ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోవాలి.

ఆఫీసులో ఒకాయన తల పట్టుకుని వచ్చి "ఏమండీ, మీ మాత్ర ఒకటి ఇటివ్వండి" అన్నారు. ఆయనకి బీపీ ఉందని, మందులు సరిగ్గా వేసుకోరని అందరికీ తెలుసు. ఇవ్వనన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. పర్లేదు.

ఇప్పుడు నా లెక్క నెలకు ఐదారు రోజులు. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజున ఎర్ర చుక్క పెడతాను, ఎనిమిదో చుక్క పడితే డాక్టరుకు ఫోన్ చేస్తాను. ఉన్నట్టుండి క్షణాల్లో ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ వంగకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది ఈ మాత్రతో తేలే విషయం కాదు, ఆసుపత్రికే అని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

పనితనానికి ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది మెడ బిగుతుకు కాదు, ఆ మూడో ఏడాదికి. అందులో సగం తప్పు నాదే అనుకోండి.

నాకు ఇప్పుడు 38. ప్రొప్రనొలాల్ వాడుతున్నా కూడా ఈ మధ్య రెండుసార్లు బీపీ 140 దగ్గర చూపించింది. ఇలాగే ఉంటే సుమాట్రిప్టాన్ మానేసి, రక్తనాళాలను బిగించని జెపాంట్ రకం మైగ్రేన్ మందులకు మారదాం అంటున్నారు డాక్టరు. వచ్చే నెల మళ్లీ చూస్తారు, అప్పటిదాకా రోజూ ఉదయం బీపీ చూసి రాసుకురమ్మన్నారు. ఇవాళ 134.