విండోస్ సెర్చ్: డి డ్రైవ్‌లో దాచిన ఫైలు ఎందుకు దొరకదు?

విండోస్ 11తో పాటే వచ్చే సెర్చ్‌కు ఉన్న చెడ్డపేరులో చాలా భాగం దాని తొలి సెట్టింగు తెచ్చిపెట్టినదే. క్లాసిక్ అని పిలిచే ఆ సెట్టింగులో అది డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్ ఫోల్డర్లనూ డెస్క్‌టాప్‌నూ మాత్రమే ముందుగా చదివి ఇండెక్స్, అంటే ఏ మాట ఏ ఫైలులో ఉందో చెప్పే పట్టిక, తయారు చేసుకుంటుంది. మన ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ చాలామంది, విండోస్ మళ్లీ వేయించవలసి వచ్చినా ఫైళ్లు పోకూడదని అన్నింటినీ డి డ్రైవ్‌లో దాచుకుంటారు. ఆ డ్రైవ్ ఇండెక్స్‌లో ఉండదు కనుక అక్కడ వెతుకులాట నత్తనడకన సాగుతుంది. అదీ మామూలుగా ఫైలు పేర్ల వరకే, లోపలి మాటల జోలికి పోదు.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగంలోకి వెళ్లి, సెర్చ్ పేజీలో ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకుంటే కంప్యూటర్ మొత్తం ఇండెక్స్‌లోకి వస్తుంది. తొలిసారి అందుకు చాలా సమయం పడుతుంది, బ్యాటరీ కూడా ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి వదిలేయడం మేలు. ఆ తరువాత పనితీరు నిజంగా మెచ్చుకోదగినది. యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలో, టైపు చేసిన వర్డ్ ఫైలు పేరు గుర్తులేకపోయినా, అందులోని "సరిహద్దు వివాదం" వంటి రెండు మాటలు కొడితే చాలు, ఆ ఫైలు ముందుకు వస్తుంది. డేట్‌మాడిఫైడ్ అని ఇంగ్లీషులో కలిపి రాసి, కోలన్ పెట్టి, లాస్ట్ మంత్ అని చేరిస్తే గత నెలలో మార్చినవే మిగులుతాయి. అయితే ఈ పనికి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని సెర్చ్ పెట్టెనే వాడాలని నా సలహా. స్టార్ట్ మెనూలో ఇంటర్నెట్ ఫలితాలు కూడా వచ్చి కలుస్తాయి, సొంత ఫైలు కోసం చూస్తున్నవారికి అవి అడ్డమే.

తెలుగువారికి అసలు చిక్కు యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లయిన "అను" ఫాంట్ల దగ్గర వస్తుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి తయారైన శుభలేఖలు, కరపత్రాలు, దస్తావేజుల నకళ్లు తెరమీద తెలుగుగా కనిపించినా, ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలు. యూనికోడ్‌లో "వివాహం" అని కొడితే సెర్చ్‌కు వాటిలో ఆ మాట కనిపించదు. ఇది విండోస్ లోపం కాదు. ఏ సెర్చ్ అయినా అక్కడ ఆగిపోవలసిందే. అటువంటి పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, అంత తీరిక లేకపోతే కనీసం ఫైలు పేరులోనైనా ఊరు, సంవత్సరం, విషయం యూనికోడ్ తెలుగులో రాసి పెట్టుకోవాలి.