విమానంలో పిల్లల చేతికి ఏది మేలు: స్విచ్ లైటా, స్టీమ్ డెక్కా, ఫోనా?

డాలస్‌లో ఎక్కి దుబాయ్‌లో దిగేసరికి 14 గంటల పైమాటే. అక్కడ ఓ నాలుగు గంటలు కుర్చీల్లో కునికిపాట్లు పడి, మళ్లీ శంషాబాద్‌కి ఇంకో మూడున్నర గంటలు. వేసవి సెలవులకి పిల్లల్ని అమ్మమ్మ దగ్గరికి తీసుకొచ్చే మాలాంటి వాళ్లకి ఈ లెక్క కంఠతా వచ్చు. మా అబ్బాయికి 12 ఏళ్లు, పాపకి 7. సీటు ముందున్న తెర మీద రెండు సినిమాలు అయ్యేసరికి ఇద్దరికీ విసుగొచ్చేస్తుంది. ఆ తర్వాత ఆటలే.

ఇంట్లో మూడు ఉన్నాయి. పాపది నింటెండో స్విచ్ లైట్, మావారిది స్టీమ్ డెక్ (రెండూ చేతిలో పట్టుకుని వీడియో గేమ్‌లు ఆడుకునే పరికరాలు), నాది పాత ఫోన్. ఏది తీసుకెళ్లాలన్నది ప్రతి ప్రయాణానికీ వచ్చే చర్చే. ఏ ఆట దేంట్లో బాగుంటుందన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. విమానంలో నేను చూసేవి వేరు. బ్యాటరీ ఎంత పెద్దది, ఎంత వేడెక్కుతుంది, పవర్ బ్యాంక్ లేకుండా ఎంతసేపు వస్తుంది, చేతిలోంచి జారితే ఎక్కడికి పోతుంది. ఇవన్నీ చూస్తే పిల్లలకి స్విచ్ లైటే మేలు. స్టీమ్ డెక్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, అదీ సీటు దగ్గర ప్లగ్ ఉంటేనే. ఫోన్‌ని ఆఖరున పెడతాను. అందరి దగ్గరా ఉండేది ఫోనే కాబట్టి చాలామంది దీనికి ఒప్పుకోరు. మొదట్లో నేనూ ఒప్పుకోలేదు.

ముందు బ్యాటరీ సంగతి. ఫోన్ల వాళ్లు ఎంఏహెచ్‌లో (మిల్లీ ఆంపియర్-అవర్లలో) చెప్తారు గానీ, విమానాల వాళ్లు వాట్-అవర్లలో, అంటే లోపల దాచిన మొత్తం శక్తి ఎంతో లెక్క చూస్తారు. ఎంఏహెచ్‌ని వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. మామూలుగా 100 లోపు ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు. 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 160 దాటితే మనం తీసుకెళ్లే వీల్లేదు. స్విచ్ లైట్ బ్యాటరీ 13.6 వాట్-అవర్లు. మామూలు స్విచ్‌ది 16. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ది దాదాపు 19. 2022లో వచ్చిన మొదటి స్టీమ్ డెక్‌ది 40, 2023లో ఓలెడ్ తెరతో వచ్చిన కొత్త డెక్‌ది (ఓలెడ్ డెక్) 50. అన్నీ నిబంధన లోపలే ఉన్నాయి.

అయితే అన్నీ లోపలే ఉన్నాయి కదా అని అన్నీ ఒకటే అనుకోకూడదు. లిథియం బ్యాటరీ దెబ్బతిని లోపల షార్ట్ అయితే ఆ వేడికి రసాయనాలు మండుతాయి. ఆ మంటతో వేడి ఇంకా పెరుగుతుంది. బ్యాటరీలో ఉండే చిన్న చిన్న భాగాల్ని సెల్స్ అంటారు, ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌కి పాకుతుంది. లోపల దాచిన శక్తి ఎంత ఎక్కువుంటే మంట అంత పెద్దది. ఏడేళ్ల పిల్ల ఒళ్లో గంటల తరబడి ఉండే వస్తువు విషయంలో 13.6కీ 50కీ ఉన్న తేడా నాకు చిన్నదిగా కనిపించదు.

ఇలాంటివి అరుదే. కానీ జరుగుతున్నాయి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బూసాన్ గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బూసాన్ విమానం ఇంకా బయల్దేరకముందే మంటల్లో చిక్కుకుంది. లోపలున్న 176 మందీ బయటపడ్డారు. మంటలు తల పైన సామాను పెట్టే అర దగ్గర మొదలయ్యాయి. పవర్ బ్యాంక్ కారణమై ఉండొచ్చని విచారణ చేసినవాళ్లు చెప్పారు. అప్పటినుంచి నిబంధనలు గట్టిపడ్డాయి. పవర్ బ్యాంక్‌ని పై అరలో పెట్టొద్దని ఆ మార్చిలోనే కొరియా చెప్పింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్నే ఆపేసింది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఎక్కే ఎమిరేట్స్ కూడా 2025 అక్టోబర్ 1 నుంచి అదే పని చేసింది. ఎమిరేట్స్‌లో 100 వాట్-అవర్ల లోపు పవర్ బ్యాంక్ ఒక్కటి వెంట ఉంచుకోవచ్చు. దాంతో ఏదీ చార్జ్ చేయకూడదు, దాన్నీ చార్జ్ చేయకూడదు. సీటు జేబులోనో, ముందు సీటు కింద పెట్టిన బ్యాగ్‌లోనో ఉండాలి.

నా దృష్టిలో ఈ ఒక్క మార్పుతో లెక్కంతా తిరగబడింది. ఒకప్పుడు "20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంది కదా, ఏదైతేనేం" అనుకునేవాళ్లం. ఇప్పుడు చేతిలో ఉన్నది దానంతట అది ఎంతసేపు నడుస్తుందన్నదే ముఖ్యం. స్విచ్ లైట్ ఆటని బట్టి 3 నుంచి 7 గంటలు వస్తుందని కంపెనీ చెప్తుంది. పాప ఆడే చిన్న చిన్న ఆటలకి మాకు ఐదు గంటలు దాటుతోంది. ఓలెడ్ డెక్‌కి 3 నుంచి 12 గంటలు అని చెప్తారు. పెద్ద ఆట పెడితే మాత్రం ఆ మూడు దగ్గరే ఆగిపోతుంది. డెక్ మీదున్న మూడు చుక్కల బటన్ నొక్కి, తెర మీద బొమ్మ సెకనుకి 30 సార్లకి మించి మారకుండా (30 ఫ్రేములకి) కట్టేసి, వెలుతురు తగ్గిస్తే ఇంకొంచెం లాగొచ్చు. వేడి కూడా తగ్గుతుంది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో ఆట బాగుంటుంది గానీ 2 నుంచి 6.5 గంటలే. పైగా జాయ్-కాన్లతో (రెండు పక్కలా తగిలించే బటన్ల పిడులతో) కలిపి 534 గ్రాములు, స్విచ్ లైట్‌కి దాదాపు రెట్టింపు. పిల్లల ప్రయాణానికైతే నేను కొనను.

సీటు దగ్గరుండే యూఎస్‌బీ రంధ్రం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. చాలా విమానాల్లో అది ఫోన్ కోసం పెట్టిందే, అందులోంచి వచ్చే పవర్ తక్కువ. స్విచ్ లైట్‌ని ఆపి పెడితే నెమ్మదిగా ఎక్కుతుంది. ఆడుతూ ఉంటే తగ్గకుండా నిలబడటమే గొప్ప. స్టీమ్ డెక్ చార్జర్ 45 వాట్లది. ఆ చిన్న రంధ్రం దానికి ఏ మూలకీ చాలదు. సీట్ల మధ్య ఉండే పెద్ద ప్లగ్ కావాలి, అది అన్ని విమానాల్లోనూ ఉండదు. చార్జర్ కంపెనీదే తీసుకెళ్లండి. ఎయిర్‌పోర్ట్‌లో దొరికిన చవక చార్జర్ పెట్టి పిల్లకి ఇవ్వొద్దు. అందరూ పడుకునే ముందు వైరు తీసేయండి.

వేడి గురించి చెప్పాలంటే పోయిన ప్రయాణమే గుర్తొస్తుంది. దీపాలు ఆర్పేశాక మా అబ్బాయి డెక్‌ని దుప్పటి కింద పెట్టుకుని ఆడుతున్నాడు. పక్కవాళ్ల కళ్లలో వెలుగు పడకూడదని వాడి జాగ్రత్త. కాసేపటికి దుప్పటి మీద చెయ్యి వేస్తే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది. డెక్ వెనక నుంచి గాలి పీల్చి, పైఅంచున ఉన్న సందుల్లోంచి వేడిగాలి వదులుతుంది. ఆ సందులకి దుప్పటి అడ్డంగా ఉంది. ఫ్యాన్ గుయ్యిమని తిరుగుతోంది. "కన్నా, దుప్పటి తియ్యి నాన్నా" అని తీయించి, డెక్ ఆపించి, ట్రే మీద పెట్టించాను. చల్లబడటానికి పది నిమిషాలు పట్టింది. స్విచ్ లైట్‌లోనూ చిన్న ఫ్యాన్ ఉంది, దాన్నీ దుప్పటి కింద పెట్టకూడదు. అయితే అది ఖర్చు చేసే పవరే తక్కువ, అంత వేడెక్కదు. మామూలు వెచ్చదనం దాటి చెయ్యి కాలేంత వేడెక్కినా, పొగ వచ్చినా, ఘాటు వాసన వచ్చినా వెంటనే సిబ్బందిని పిలవాలి. బ్యాగ్‌లో దాచడం, దుప్పటి కప్పడం లాంటివి చేస్తే ప్రమాదం ముదురుతుంది. దాన్ని నీళ్లతో చల్లార్చడం వాళ్లకి నేర్పి ఉంటారు.

ఇక ఫోన్‌ని ఎందుకు ఆఖరున పెట్టానంటే, దాని సన్నదనమే దాని తప్పు. రెండేళ్ల కింద పాప నా ఫోన్‌లో ఆడుతూ నిద్రపోయింది. చేతిలోంచి జారి సీటుకీ చేతి ఆనుకీ మధ్య సందులోకి పోయింది. చీకట్లో నాకు తోచిందల్లా సీటు ముందుకీ వెనక్కీ జరిపితే కిందపడుతుందని. బటన్ మీద వేలు కూడా పెట్టాను. వెనక నుంచి వచ్చిన ఎయిర్ హోస్టెస్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సీటు కదపొద్దండీ, దయచేసి కదపొద్దు" అంది. పాపని లేపి ఇద్దరినీ పక్కకి జరిపించింది. టార్చ్ వేసి, మెత్త తీసి, ఇనుప కడ్డీల మధ్యలోంచి ఫోన్ తీసి ఇచ్చింది. ఒక మూల వంగి ఉంది. నేను బటన్ నొక్కి ఉంటే ఆ కడ్డీలు బ్యాటరీని నలిపేసేవి. నలిగిన బ్యాటరీ విమానంలో ఎంత ప్రమాదమో ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. స్విచ్ లైట్ 275 గ్రాములే అయినా వెడల్పుగా, మందంగా ఉంటుంది. డెక్ ఇంకా పెద్దది. రెండూ ఆ సందులో అంత సులువుగా దూరవు. (లైట్‌లో పెట్టే గేమ్ కార్డులు మాత్రం గోరంత ఉంటాయి, పోతే దొరకవు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా వాటికి చేదు పూత పూస్తారు. మాకు ఆటలన్నీ డౌన్‌లోడ్ చేసుకోవడమే నయం.)

ఫ్లైట్ మోడ్ మూడింటికీ పెట్టాల్సిందే. మన దేశంలో 2014 నుంచే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఫ్లైట్ మోడ్‌లో పరికరాలు వాడుకోనిస్తోంది. ఇక్కడా ఫోన్‌కే టెన్షన్ ఎక్కువ. మర్చిపోతే టవర్ల కోసం వెతుకుతూ సిగ్నల్ గట్టిగా పంపుతూనే ఉంటుంది, చార్జింగ్ కూడా కరిగిపోతుంది. స్విచ్ లైట్‌లో, డెక్‌లో సిమ్ లేదు. వైఫై, బ్లూటూత్ ఆపితే సరిపోతుంది. లైట్‌కి బటన్లు ఒంటికే అతికి ఉంటాయి కాబట్టి బ్లూటూత్ అక్కర్లేదు. రెండింటికీ వైరు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది. డెక్‌లో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో నెట్ ఉన్నప్పుడే ప్రతి ఆటనీ ఒకసారి తెరిచి చూసి, ఆఫ్‌లైన్ మోడ్ పెట్టి మళ్లీ తెరవాలి. లేకపోతే సగం దారిలో లాగిన్ అడుగుతుంది.

హైదరాబాద్‌లో దిగాక రాజమండ్రికో తిరుపతికో చిన్న ఏటీఆర్ విమానం ఎక్కేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. వాటిలో పై అరలు చిన్నవి. మెట్ల దగ్గర మన చేతి బ్యాగ్ తీసుకుని కింద సామాన్లలో వేసేస్తారు. పవర్ బ్యాంక్ ఆ బ్యాగ్‌లో పోకూడదు, అక్కడే తీసి చేతిలో పెట్టుకోవాలి. ఆట పరికరాలు కూడా తీసేసుకోవడమే మంచిది. తప్పక బ్యాగ్‌లోనే పోవాల్సి వస్తే పూర్తిగా ఆఫ్ చేయాలి. పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలేస్తే స్విచ్, డెక్ నిద్రలోకి మాత్రమే వెళ్తాయి, అది ఆఫ్ కాదు. బటన్ పట్టుకుని ఉంచి ఆఫ్ అని వచ్చాక ఎంచుకోవాలి. ఇది మావారికి కూడా నేను చెప్పేదాకా తెలియదు.

ఈసారి ప్రయాణానికి వారం ముందు మూడింటినీ చదునైన బల్ల మీద పెట్టి చూశాను. ఉబ్బిన బ్యాటరీ ఉంటే వెనక భాగం బల్లకి ఆనదు. లైట్, డెక్ కదలకుండా ఉన్నాయి. నా పాత ఫోన్‌ని వేలితో తోస్తే గిర్రున తిరిగింది. వెనక మూత మధ్యలో కాస్త పైకి లేచి ఉంది. మర్నాడే పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేసి వచ్చాం. పాపకి లైట్, మావారికి ప్లగ్ ఉన్న వరుసలో సీటు, ఆయన పక్కన మా అబ్బాయి.